ఒక్క ‘మెత్తగ’కు ఇంగ్లీషుల ఎన్ని మాటలు?

పోయిన నెల ఒకనాడు రాత్రి పదిన్నరకు మా ఊరి పిలగాడు ఒకడు ఫోన్ చేసిండు. డిగ్రీ సదివిండు. హైదరాబాదుల, ఇండ్లకు తిండి పంపే ఒక కంపెనీల చాట్‌ల జవాబులు రాసే పని. “అన్నా, సాగీ అంటే ఏంది?” అని అడిగిండు. నేను చెప్పెలోపే వాడే అన్నడు, “సాగుడే అనుకున్ననే”.

కథ ఏందంటే, ఒకాయన దోశ తెప్పించుకున్నడు. దోశ సాగీగ వచ్చిందని ఇంగ్లీషుల రాసిండు. మావోనికి ఆ మాట ఎన్నడు తగల్లే. సాగీ అంటే సాగుతది కావొచ్చు, సాగితే తాజాగ ఉన్నట్టే గదా అనుకున్నడు. “థాంక్యూ సార్, మా దోశలు ఎప్పుడు గట్లనే ఉంటయి” అని మంచి మర్యాదగ ఇంగ్లీషుల జవాబు కొట్టిండు. ఆయన దాన్ని ఫొటో తీసి లోకమంతా పంచిండు. వారం తిరగకముందే పిలగాని నౌకరి పోయింది.

నవ్వొస్తది. నాకు సుత వచ్చింది గానీ గొంతులనే ఆగింది. ఎందుకంటే గసొంటి దెబ్బ నేను తిన్న. 2001ల హైదరాబాదుల ఒక హోటల్ల బల్లల కాడ ప్లేట్లు పెట్టే పనికి కుదిరిన. ఒకరోజు సూటు ఏసుకున్న పెద్దమనిషి “ఈజ్ ద మటన్ టెండర్?” అని అడిగిండు. నాకు తెల్సిన టెండర్లు రెండే, ఒకటి రోడ్డు టెండర్, రెండోది చెరువు టెండర్. మా హోటల్ ఎవ్వలికి కాంట్రాక్టు ఇయ్యలేదు గదా అని, “నో సార్, ఓనర్ ఓన్లీ” అన్న. బల్ల మీదున్న నలుగురు పడిపడి నవ్విండ్రు. ఆ తెల్లారి నుంచి నన్ను గిన్నెలు తోముడు దిక్కు పంపిండ్రు, మళ్ల బల్లల కాడికి రానియ్యలే. అక్కడ టిప్పు ఉండదు. అంటే ఒక్క మాటకు నెలకు ఇంత అని ధర కట్టి మరీ నాకు నేర్పిండ్రు.

ఇన్నేండ్లకు టెండర్ పోయి సాగీ వచ్చింది, అంతే తేడా. బడిల మనకు ఆవు మీద వ్యాసం నేర్పిండ్రు, జరమొచ్చిందని లీవ్ లెటర్ నేర్పిండ్రు. గిప్పుడు ఊరి పిలగాళ్లకు పనులు దొరుకుతున్నది హోటళ్లల్ల, డెలివరీల, చాట్‌లల్ల. ఆడోళ్లు సకినాలు చేసి అమెరికాకు పార్శిల్ పంపుతున్నరు. పొట్ట నింపే ఇంగ్లీషు తిండి ఇంగ్లీషే, దాన్ని మాత్రం ఎవ్వలు నేర్పలే. నాకు కాలేజి సదువు లేదు. ఈ మాటలు బిస్కెట్ ప్యాకెట్ల మీద, మెనూ కార్డుల మీద, అట్ట ఊడిన ఒక పాత డిక్షనరీల ఏరుకున్నయి. ఏరుకున్నయి పంచుత, తప్పులుంటే తిట్టుండ్రి.

చిక్కు యాడున్నదో ముందు చెప్త. మన నాలుకకు తేడా తెల్వక కాదు. మనం ‘మెత్తగ’ అనే ఒక్క మాటతోని పది పనులు జేస్తం. ఇడ్లి మెత్తగున్నది. మటన్ మెత్తగ ఉడికింది. అల్లమెల్లిగడ్డ మెత్తగ నూరు. ఆలుగడ్డ మరీ మెత్తగయింది. అటుకులు మెత్తవడ్డయి. ఈ అయిదుట్ల మొదటి రెండు మెచ్చుకోలు, మూడోది పని చెప్పుడు, ఆఖరి రెండు ఫిర్యాదు. తెలుగుల తేడా అంతా పక్క మాట మీద, గొంతు మీద ఉంటది. ఇంగ్లీషోడు గొంతు మీద ఇడిసిపెట్టలే, ఒక్కోదానికి ఒక్కో మాట పెట్టుకున్నడు. డిక్షనరీల ‘మెత్తని’ పక్కన మొదలు కనవడేది సాఫ్ట్. ఆ ఒక్కటి పట్టుకొని అన్నిటికి సాఫ్ట్, సాఫ్ట్ అనుకుంట పోతం.

సాఫ్ట్ అంటే ఒత్తితే లోపలికి పోయేది. బన్ను, ఇడ్లి, వేడి వేడి జొన్నరొట్టె. ఇండ్ల తప్పేం లేదు. ఇడ్లి మెత్తగ ఉండుడే కాదు, గాలి నిండి పొంగి తేలికగ ఉంటే ఫ్లఫీ అంటరు. అన్నం మెత్తగ ఉడికి సుత మెతుకు మెతుకు అతుక్కోకుండ, మనం ‘పొడిపొడిగ’ అంటమే, అది సుత ఫ్లఫీయే. చూడుండ్రి, ఇడ్లి మెత్తదనం, అన్నం పొడిదనం మనకు రెండు వేరు, వాళ్లకు ఒక్కటే. అంటే వాళ్లు సుత అక్కడక్కడ కలిపేసుకున్నరు.

టెండర్ అంటే కొరికితే పోట్లాడకుండ ఇడిపోయేది. ఎక్కువ మాంసానికి వాడుతరు. మటన్ సాఫ్ట్ అంటే అర్థం కాదని కాదు, కానీ వంట తెల్సినోడు టెండర్ అంటడు. మేక కండల కొల్లాజెన్ అనే గట్టి పోగులుంటయి. సన్నమంట మీద నీళ్లల్ల శానసేపు ఉడికితే అవి కరిగి జెలటిన్ అయితయి. పాయ పులుసు సల్లారితే గడ్డ కడ్తది గదా, గదే జెలటిన్. ఆ పోగులు కరిగినయంటే ముక్క టెండర్, కరగకపోతే టఫ్. టెండర్‌కు ఇంకో అర్థం ‘లేత’. కొబ్బరి బొండాన్ని టెండర్ కోకోనట్ అంటరు, లేత బెండకాయ సుత టెండరే. ఈ ముక్క 2001ల నాకు ఎవ్వలన్న చెప్పి ఉంటే ఎంత బాగుండు, బొండాల బండి రోజు హోటల్ ముంగటనే ఉండె.

స్మూత్ అంటే గరుకు, ఉండలు లేకుండ ఉన్నది. మెత్తగ రుబ్బిన పచ్చడి, దోశ పిండి, చిలికిన పెరుగు. బన్నును స్మూత్ అనొద్దు, తప్పయితది. నాలుకకు ఏం తగలకుండ జారితే స్మూత్, దానికి ఇంత వెన్న, మీగడ చిక్కదనం తోడైతే క్రీమీ. ఇగ మెత్తగ దంచిన కారం, విసిరిన పిండి పొడివి కావట్టి వాటిని స్మూత్ అనరు, ఫైన్ అంటరు.

ఇగ ఫిర్యాదు మాటలు, మష్షీ, సాగీ. నౌకరి తీసింది ఈ సాగీయే కావట్టి జర నిలవడి చూద్దాం. మష్షీ అంటే వస్తువు లోపలి కట్టే తెగిపోయింది. నాలుగు విజిళ్లు ఎక్కువ పెట్టిన ఆలుగడ్డ, మాగి మాగి నల్లవడ్డ అరటిపండు, గుజ్జయిన బిర్యాని అన్నం. సాగీ అంటే పొడిగ ఉండాల్సినదానికి బయటి నుంచి నీళ్లు, ఆవిరి, నూనె ఎక్కినయి. తడిసి, మెత్తవడి, వేలాడతది. టీల ముంచి మర్చిపోయిన రస్కు సాగీ. నాలుగు కిలోమీటర్లు డబ్బల మూతపెట్టి తెచ్చిన దోశ సాగీ. పొయ్యి మీదికెళ్లి దించిన దోశల వేడి ఆవిరి ఉంటది. డబ్బకు సందు లేకుంటే ఆ ఆవిరి మూతకు తగిలి నీటిబొట్లయి మళ్ల దోశ మీదనే పడ్తది. గందుకే కొన్ని డబ్బలకు బొక్కలు పెడ్తరు. ప్లాస్టిక్ కవర్ల కట్టిన మిర్చి బజ్జీల కత సుత గింతే. అంటే ఆ కస్టమర్ వంటమాస్టరును తిట్టలే, డబ్బను తిట్టిండు. మా పిలగానికి ఆ మాట తెల్సి ఉంటే తప్పు ఎవ్వలిదో సుత చెప్పగలిగెటోడు.

సాగీకి తెలుగు లేదా అంటే ఉన్నది. ‘మెత్తవడ్డది’. మెత్తగ ఉన్నది వేరు, మెత్తవడ్డది వేరు. ఉండకూడని తీరు అయిందన్న నింద ఆ ‘పడ్డది’లనే ఉన్నది. మన అమ్మలు రోజు అనే మాటే. కాకపోతే ఒక తిరకాసున్నది. వానకాలం డబ్బ మూత సరిగ్గ పెట్టక మురుకులు మెత్తవడితే వాటిని ఎక్కువ స్టేల్ అంటరు. అవి గాలిల తేమ గుంజుకున్నయి, నీళ్లల్ల తడవలే. సాగీల తడి చేతికి తెలుస్తది. ఇంకో ముచ్చట, మష్షీ ఎప్పుడు తిట్టే కాదు. బ్రిటన్ల చేపలు, చిప్స్ పక్కన మెదిపిన బఠాణీలు పెడ్తరు, దాని పేరే మష్షీ పీస్. ఇష్టంగ తింటరు. ఆ చిప్స్ సుత మన ప్యాకెట్ చిప్స్ కాదు, వేడి వేడి ఆలుగడ్డ ముక్కల వేపుడు. మన ప్యాకెట్ చిప్స్‌ను వాళ్లు క్రిస్ప్స్ అంటరు. లండన్ల పనికి పొయ్యెటోళ్లు ఇది యాది పెట్టుకోండ్రి.

క్రిస్ప్ అన్నం కావట్టి ‘కరకర’ కాడికి వద్దాం. అప్పడం కరకర, దోశ అంచు కరకర, సకినం కరకర, పచ్చి క్యారెట్ సుత కరకరే. ఇంగ్లీషుల ఇది రెండు ముక్కలైతది, క్రిస్పీ, క్రంచీ. నేను శాన ఏండ్లు రెండు ఒక్కటే అనుకున్న. ఒకనాడు డిక్షనరీల క్రిస్ప్‌కు ఉదాహరణ కొత్త కరెన్సీ నోటు అని కనవడ్డది. గప్పుడు తలకాయల దీపం వెలిగింది. మనం సుత ‘పెళపెళలాడే కొత్త నోటు’ అంటం గదా! గంజి పెట్టి ఇస్త్రీ చేసిన అంగిని సుత పెళపెళ అంటం, వాళ్లు సుత గసొంటి అంగిని క్రిస్పే అంటరు. కావట్టి క్రిస్పీ అంటే పెళపెళ. పల్చగుంటది, ముందటి పండ్లతోని ఒక్క కొరుకు కొరకంగనే సన్నని సప్పుడు చేసి ఇరిగిపోతది. అప్పడం, దోశ అంచు, ప్యాకెట్ చిప్స్. క్రంచీ అంటే మందం ఉంటది, దవడ పండ్ల కిందికి పొయ్యి నమిలినంతసేపు సప్పుడు చేస్తనే ఉంటది. సకినం, వేయించిన పల్లీలు, క్యారెట్, పచ్చి మామిడికాయ.

ఇది నా సొంత లెక్క కాదు. అమెరికాల జాటా విక్కర్స్ అనే పరిశోధకురాలు 1980లల ఈ సప్పుళ్లనే కొలిచింది. క్రిస్పీ తిండి చేసే సప్పుడు కీచుగ, పై సుతిల ఉంటదని, క్రంచీది బొంగురుగ, కింది సుతిల ఉంటదని తేలింది. ఇంకో తమాష. ఇంగ్లాండ్ల ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీల చార్ల్స్ స్పెన్స్, మాసిమిలియానో జంపీని అనే ఇద్దరు మనుషుల చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి ప్రింగిల్స్ చిప్స్ కొరికిపిచ్చిండ్రు. కొరికిన సప్పుడునే మైకుల పట్టి, పెద్దగ జేసి, కీచు భాగం పెంచి చెవులకు ఇనిపిచ్చిండ్రు. గట్ల ఇన్నప్పుడు అదే రకం చిప్స్ ఇంకా క్రిస్పీగ, తాజాగ ఉన్నయన్నరు తిన్నోళ్లు. 2004ల అచ్చైన ఈ పనికి 2008ల ఇగ్ నోబెల్ వచ్చింది, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. అంటే కరకర సగం నోట్ల ఉంటది, సగం చెవుల ఉంటది. మన పెద్దోళ్లు తిండికి సప్పుడు తోనే పేరు పెట్టిండ్రు, కరకర, పెళపెళ, పటపట అని. వాళ్లకు హెడ్‌ఫోన్లు అక్కర రాలే.

ఒక చిన్న సందు. కీర దోసకాయను, ఆపిల్‌ను క్రిస్ప్ అంటరు. క్రిస్పీ అంటే మాత్రం మనసుల మెదిలేది ఎక్కువ నూనెల వేగిందో, పెనం మీద కాలిందో. గిది బండగీత కాదు, ఇంగ్లీషోళ్లే కలుపుతుంటరు. సర్వపిండి మరీ సతాయిస్తది. అంచు క్రిస్పీ, పల్లీలు తగిలిన కాడ క్రంచీ, నడిమిట్ల చ్యూయీ. ఒక్క మాటల చెప్పమంటే నాతోని కాదు.

‘గట్టిగ’ అనే మాట మాత్రం మా మండలంల పైసలనే పోగొట్టింది. పక్క ఊరి ఆడోళ్లు సంఘం పెట్టుకొని సకినాలు చేస్తరు. బియ్యం నానవోసి, పట్టించి, నువ్వులు, ఓమ కలిపి, బట్ట మీద చేతితోని చుట్లు తిప్పి, జర ఆరినంక నూనెల ఏస్తరు. శాన ఓపిక పని, వేళ్లు గుంజుతయి. ప్యాకెట్ మీద రాయనీకె ఊర్ల కంప్యూటర్ తెల్సిన పిలగానికి ‘గట్టిగ, రుచిగ ఉంటయి’ అని చెప్పిండ్రు. వాడు ‘హార్డ్ అండ్ టేస్టీ’ అని అచ్చేసిండు. పట్నం దుకాణపాయన ప్యాకెట్ చూసి, “పండ్లు ఇరుగుతయా?” అని అడిగి, రెండు డబ్బలు వాపస్ పంపిండు. లోపల ఉన్నయి బంగారం లెక్కున్న సకినాలు.

హార్డ్ అంటే పండ్లు దిగనిది. పాకం ముదిరిన లడ్డు హార్డ్, ఎండిన బ్రెడ్డు హార్డ్. టఫ్ అంటే పండ్లు దిగుతయి గానీ తెగదు, దవడలు నొస్తయి. ముదురు మేక టఫ్. ఉడకని నాటుకోడి టఫ్. చ్యూయీ అంటే నమలాలె, నమిలితే సుఖంగనే ఉంటది, బోటి లెక్క. రబ్బరీ అంటే నమిలినా కొద్ది ఎగిరొస్తది, ఎక్కువ మరిగిన గుడ్డు తెల్లసొన, ఎక్కువ వేగిన రొయ్య. పనీరు ముక్క చేతుల నిలవడితే ఫర్మ్, అది మెచ్చుకోలే. చారు గట్టిగున్నది అంటే థిక్, హార్డ్ కాదు. అమెరికాల అలీనా షెస్నియాక్ అనే ఆమె 1963ల తిండి తీరును పద్ధతిగ ఇడగొట్టినప్పుడు సుత గట్టిదనాన్ని ఒక లెక్క కింద, నమలుడును ఇంకో లెక్క కింద పెట్టింది. మొన్నటి రొట్టెలు చూడుండ్రి. సల్లారిన చపాతి సాగుతది, చ్యూయీ, టఫ్. సల్లారిన జొన్నరొట్టె సాగదు, ఇరుగుతది. గోధుమల గ్లూటెన్ అనే సాగే పదార్థం ఉంటది, జొన్నల అది లేదు.

ఇరుగుడుల సుత రకాలున్నయి. పల్లి పట్టి టక్కున ముక్కలైతది, బ్రిటిల్. బేకరీల ఎగ్ పఫ్ పొరలు పొరలుగ రాలుతది, ఫ్లేకీ. చేప మంచిగ ఉడికితే పొరలుగ ఇడిపోతది, అది సుత ఫ్లేకీయే, మెచ్చుకోలు. ఉస్మానియా బిస్కెట్ పొడిపొడిగ రాలుతది, క్రంబ్లీ.

జిగురు సంగతి తక్కువల చెప్త. చేతికి అంటుకుంటే స్టికీ, కొత్త బియ్యం అన్నం, బెల్లం పాకం. కరిగి కారుకుంట నోరూరిస్తే గూయీ, ఎక్కువ మిఠాయిలకే. బెండకాయ, చామగడ్డ జారుడు జిగురు స్లైమీ. ఈ మాట వింటేనే మొఖం ముడుస్తరు, కాబట్టి అమ్మే వస్తువు మీద ఎప్పుడు రాయొద్దు.

గిదే అసలు పాయింట్. ఈ మాటలల్ల శానవట్టుకు తీర్పు లోపలనే ఉన్నది. క్రిస్పీ, టెండర్, ఫ్లఫీ, క్రీమీ అంటే తిన్నోడు ఖుషీ. సాగీ, టఫ్, రబ్బరీ, స్టేల్, స్లైమీ అంటే కోపం. క్రంబ్లీ, స్టికీ, చ్యూయీ మాత్రం దేని గురించి అన్నడో చూడాలె. బోటి చ్యూయీ అంటే సరే, దోశ చ్యూయీ అంటే ఫిర్యాదు. చాట్‌ల పనిజేసే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక ఉపాయం చెప్త. మాట తెల్వకుంటే అర్థం ఊహించొద్దు. కస్టమర్ వాడిన మాటనే తిప్పి రాయండ్రి, “ఐయామ్ సారీ యువర్ దోశ కేమ్ సాగీ” అని. సారీ చెప్పి ఆయన మాట ఆయనకే ఇస్తే, మనం విన్నమని ఆయనకు తెలుస్తది. ఆ తర్వాత నిమ్మలంగ డిక్షనరీ తియ్యొచ్చు.

ఇంగ్లీషోని కాడ అన్ని మాటలున్నయి, మన కాడ లేవు అనుకునేరు. ‘పలుకు’కు వాళ్ల కాడ మాట లేదు. దమ్‌కు ఏసే ముందు బిర్యాని బియ్యం ఇంత పలుకు మీదనే వార్చాలె గదా. దాన్ని చెప్పనీకె వాళ్లు ఇటలీకి పొయ్యి ‘అల్ దెంతె’ తెచ్చుకున్నరు. పంటికి తగిలేటట్టు ఉండాలె అని దాని అర్థం. అప్పు తెచ్చుకున్నందుకు వాళ్లేం సిగ్గుపడలే. జపాన్ భాషల అయితే తిండి నోట్ల ఎట్లుంటదో చెప్పే మాటలు 400కు పైగ ఉన్నయని వాళ్ల పరిశోధకులు లెక్కవెట్టిండ్రు. మన భాషల ఎన్నున్నయి? గుల్ల, పెళుసు, పలుకు, పిప్పి, జావ, గుజ్జు, బంక, నార. మీ ఊర్ల అవ్వల కాడ కూసోని రాసుకోండ్రి, నాకు పంపుండ్రి. నౌకరి పోయిన పిలగానికి సుత గిదే పని చెప్పిన, ఒక దిక్కు అవ్వ మాట, ఇంకో దిక్కు ఇంగ్లీషు మాట. నోటుబుక్కుల ఇరవై ఏడు దాక వచ్చిండు. వచ్చే వారం ఇంకో కంపెనీల ఇంటర్వ్యూ ఉన్నది.

సంఘం ఆడోళ్ల ప్యాకెట్లు మారినయి. సకినాల మీద క్రంచీ అని అచ్చేసినం. అరిసెల కాడ లొల్లి అయింది. నేను చ్యూయీ అన్న. మా పెద్దమ్మ వరసామె ఒకరు డబ్బల్నుంచి ఒక అరిసె తీసి నా చేతుల పెట్టి, “ఇది ఇయ్యాల్టిది, తిని చెప్పు బిడ్డా” అన్నది. తిన్న. పైన జర పెళుసు, లోపల మెత్తగ, పంటికి కొంచెం సాగింది. ఇయ్యాల్టి అరిసెకు సాఫ్ట్ అనాలె, నాలుగొద్దులైతే చ్యూయీ అనాలె. పార్శిల్ అమెరికా చేరుడు నాలుగొద్దుల్ల అయ్యే పని కాదు కావట్టి చ్యూయీ అనే రాసినం. పెద్దమ్మ మాత్రం ఇంకా ఒప్పుకోలే.